కిక్కిసపిట్ట గూడు

ఆంగ్లదేశమున కేంబ్రిడ్జి పట్టణమునకు సమీపమున వికెన్ ఫెన్ అను చిత్తడినేల కలదు. అందు కిక్కిసగడ్డి నిలువెత్తును మించి పెరుగును. ఆ గడ్డినడుమ వేసవియందు సుమారు 12 గ్రాముల తూకము గల చిన్నపిట్ట యొకటి కాపురముండును. ఆంగ్లేయులు దీనిని రీడ్ వార్బ్లరు అందురు. మనము కిక్కిసపిట్ట యని పిలువవచ్చును. ఇది శీతకాలమును ఆఫ్రికాఖండమున సహారా యెడారికి దక్షిణమున గడపి, వసంతమున మరలి వచ్చును.

దీని గూడు చూడదగినది. ఆడుపక్షి నీటిలో నిలిచిన కొన్ని కాడలను స్తంభములుగా గైకొని, వాని చుట్టును గడ్డిపోచలు పెనవైచి, లోతైన గిన్నెవలె గూడల్లును. గాలి వీచినపుడు కాడలతోగూడ గూడును ఊగును. గిన్నె లోతగుటచే గ్రుడ్లు దొర్లి నీట బడవు. సాధారణముగా నాలుగు గ్రుడ్లుండును. ఆడుపక్షియు మగపక్షియు వంతులవారిగా వానిని పొదుగును.

అయినను గాలికంటె గొప్ప శత్రువు వేరొకటి కలదు. మన కోకిల కాకిగూట గ్రుడ్లిడుట యెల్లరెరిగినదే. దానికి పరభృతమని పేరు వచ్చుట యందుచేతనే. ఆంగ్లదేశపు కుక్కూ పక్షియు నట్టిదే. అది యపరాహ్ణమున సమయము కనిపెట్టి, కిక్కిసపిట్ట గ్రుడ్డొకటి తీసివైచి, ఇంచుమించు దానివంటి తన గ్రుడ్డునే యుంచి, పది సెకనులలో వెడలిపోవును. కుక్కూపిల్ల వెలువడిన కొలది గంటలకే, కన్నులు తెరువకమున్నే, తక్కిన గ్రుడ్లను వీపున నెత్తి వెలుపలికి ద్రోయును. మశూచికి టీకా కనిపెట్టిన ఎడ్వర్డు జెన్నరే 1788 సంవత్సరమున దీనిని వర్ణించెను. పిమ్మట ఆ యొక్క పిల్లయే గూటినిండ పిల్లలున్నట్లు వడివడిగా నరచుటచే, పిట్టలు తమకంటె పెద్దదైన దానిని విడువక మేపును.

అట్లని యీ పిట్టను మూఢ యనరాదు. కుక్కూ కనబడినచో నరచుచు మీద బడును. పొరుగుపిట్టలు దానిని తరుముట చూచి తానును తరుమ నేర్చును. సందేహాస్పదమైన గ్రుడ్డును పారవైచును. కాని సందేహము మితిమీరెనా, తన గ్రుడ్డునే పారవైచుకొనును. నమ్మకము మితిమీరెనా, పరుని పిల్లను పెంచును. అందుచేత కుక్కూను గూటిచెంత జూచినపుడే దీనికి గ్రుడ్లపై ననుమాన మెక్కువగును.

విద్యార్థులారా! కారణము కలిగినపుడే సందేహించుట, కలిగినపుడు తప్పక పరీక్షించుట యను వివేకమును ఈ యల్పప్రాణియందు గాంచుడు.