చాట్‌బాట్ రాయడం నేర్చుకుంటే..

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో పౌరసేవలు మొదలుపెట్టింది. తొలి విడతలోనే 161 సేవలు! ఇలా మెసేజ్ పెట్టగానే బదులిచ్చే ప్రోగ్రామే చాట్‌బాట్. కోడింగ్ నేర్చుకుంటున్న విద్యార్థులు సొంతంగా చేయదగ్గ మంచి ప్రాజెక్టు ఇది.

ఎలా మొదలుపెట్టాలి?

పైథాన్ ప్రాథమికాంశాలు, ఏపీఐ పనిచేసే తీరు, జేసన్ చదవడం వస్తే చాలు. టెలిగ్రామ్ 2015 నుంచి బాట్లకు అవకాశమిస్తోంది. అందులో ‘బాట్‌ఫాదర్’ అనే బాట్‌కు ‘న్యూబాట్’ ఆదేశం పంపి, పేరు పెడితే టోకెన్ ఇస్తుంది. అది ఎవరి చేతిలో పడితే వారు మీ బాట్‌ను నడపగలరు. కాబట్టి కోడ్‌తో పాటు గిట్‌హబ్‌లో పెట్టకండి.

మీ ప్రోగ్రామ్ ‘గెట్‌అప్‌డేట్స్’ ద్వారా కొత్త మెసేజ్‌లున్నాయా అని టెలిగ్రామ్ సర్వర్‌ను అడుగుతుంది. ప్రతి మెసేజ్‌కూ ఓ సంఖ్య ఉంటుంది. మళ్లీ అడిగేటప్పుడు చివరి సంఖ్యకు ఒకటి కలిపి ‘ఆఫ్‌సెట్’గా పంపాలి. పంపకపోతే పాత మెసేజే తిరిగొచ్చి, బాట్ ఒకే ప్రశ్నకు పదేపదే జవాబిస్తుంది. లైబ్రరీలు ఈ పని చూసుకుంటాయి. అయినా ఒక్కసారి సొంతంగా రాయండి. మనమే వెళ్లి అడిగితే పోలింగ్, మెసేజ్ రాగానే సర్వరే మన చిరునామాకు పంపితే వెబ్‌హుక్. ఇంటర్వ్యూలో ఈ తేడా అడిగితే తడుముకోరు.

అసలు పరీక్ష

కాలేజీ బస్సు వేళలు చెప్పే బాట్ రాశారనుకుందాం. ‘బస్సు ఎన్నింటికి?’ అని ఒకరు, ‘బస్ టైమ్ ఎంత’ అని ఒకరు, ‘బస్ ఎప్పుడొస్తది’ అని ఇంకొకరు అడుగుతారు. చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేస్తారు. వీటన్నింటినీ బాట్ ఎలా అర్థం చేసుకోవాలి? 1966 నాటి చాట్‌బాట్ ‘ఎలైజా’లో దాని రూపకర్త జోసెఫ్ వైజెన్‌బామ్ కీలక పదాలను బట్టి జవాబులు అల్లించారు. నేటి భాషా నమూనాలు మాట ఎలా ఉన్నా భావం పట్టుకోగలవు గానీ, ఒక్కోసారి తెలియని వేళను కూడా నమ్మకంగా చెప్పేస్తాయి. అందుకే మీ టైమ్‌టేబుల్‌లో ఉన్నదే చెప్పించండి. లేకపోతే ‘తెలియదు, ఆఫీసులో అడగండి’ అనిపించండి. బాట్‌కు అర్థంకాని ప్రశ్నలను లాగ్‌లో దాచి, వారానికోసారి సరిదిద్దండి. ఉద్యోగంలో మీరు చేయబోయే పనీ ఇదే.

అవకాశాలు

బ్యాకెండ్ డెవలపర్, టెస్టర్ కొలువులకు ఈ అనుభవం పనికొస్తుంది. బాట్ మాటలు రాసే కాన్వర్సేషన్ డిజైనర్‌కు కోడింగ్ కన్నా భాష ముఖ్యం. మంచి తెలుగు రాయగల ఆర్ట్స్ విద్యార్థులూ ప్రయత్నించవచ్చు.

ఈ సెలవుల్లోనే చిన్న బాట్ ఒకటి రాయండి. పదిమంది చేత వాడించి, దాని లింకును రెజ్యూమెలో మొదటి వరుసలో పెట్టండి.