నాలుగు వందల ఫొటోలు... ఒక్క ఆదేశం

భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉపాధి కోసం వెళ్లి అక్కడే స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం తమ పాత ఫొటోలు 400 స్కాన్ చేసిందనుకుందాం. అంచులు కత్తిరించి, నిటారుగా తిప్పి, సైజు తగ్గించడానికి ఒక్కోదానికి ఒకటిన్నర నిమిషం పట్టినా మొత్తం 10 గంటల పని!

దీనికి పరిష్కారం బ్యాచ్ ప్రాసెసింగ్. రోలింగ్ మిల్లులో రోలర్లు ఒకసారి అమర్చితే పట్టాలన్నీ ఒకే ఆకారంలో వస్తాయి. అలాగే పనుల వరుసను ఒకసారి నిర్దేశిస్తే, కంప్యూటర్ దాన్ని ప్రతి ఫొటోకూ అమలు చేస్తుంది. ఫొటోషాప్‌లో ఈ వరుసను 'యాక్షన్'గా రికార్డు చేయవచ్చు. ఉచితంగా దొరికే ఇమేజ్‌మ్యాజిక్‌లో ఒక్క ఆదేశం టైపు చేస్తే చాలు.

అయితే పొరపాటు జరిగితే అదీ 400 సార్లు జరుగుతుంది. ఇమేజ్‌మ్యాజిక్‌లోని 'మోగ్రిఫై' ఆదేశానికి వేరే ఫోల్డర్ చూపకపోతే, సాధారణంగా అసలు ఫైలునే మార్చేస్తుంది. జేపీఈజీ ఫైలును సవరించి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. కరిగిన ఇనుము వెలుగులో తీసిన ఫొటోలోని ఎర్రదనాన్ని ఆటోమేటిక్ రంగుల సవరణ లోపమనుకుని తగ్గించవచ్చు. ఆ ఫొటోకు ప్రాణమే ఆ ఎరుపు!

అందుకే ముందు అసలు ఫొటోలకు నకలు తీసి దాచాలి. ఒకే వెలుగులో తీసినవాటిని వేరుచేసి, ఐదింటిపై ప్రయత్నించి చూడాలి. ఫలితం నచ్చాకే మిగతావన్నీ కంప్యూటర్‌కు అప్పగించాలి.