ఊరు మారినవేళ మనస్సునకు నిలకడ

మానవజీవితమున మార్పు తప్పనిది. కుమార్తె అత్తవారింటికి వెడలును. కుమారుడు జీవనోపాధికై దూరదేశమునకు పోవును. ఇంటిపెద్ద కన్నుమూయును. ఇట్టి మార్పులను మన గ్రామములు తరతరములుగా ఎఱుగును. దుఃఖమున నున్నవారిని పలుకరించు ఆచారములు, నలుగురు చేరి ధైర్యము చెప్పు పద్ధతులు మనకు కలవు. కాని గ్రామమునకు గ్రామమే తరలిపోవలసి వచ్చినప్పుడు ఓదార్చువారును, ఓదార్పు కోరువారును ఒకే కష్టమున నుందురు. అట్టి సమయమున మనిషి తన మనస్సును తానే నిలుపుకొనుటకు తోడ్పడు సాధన యొకటి కలదు. అదియే ఎఱుకతో కూడిన ధ్యానము. ఈ సాధన ఎట్టిది, దానివలన కలుగు మేలెంత, అది చాలని చోట ఏమి చేయవలెను అను విషయములను పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

ఊరితో పోవునది

1955 డిసెంబరు 10వ తేదీన పండిత జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967లో కాలువలకు నీరు వదలబడెను. ఆ నీటివలన లక్షలాది ఎకరములు సస్యశ్యామలములైనవి. ఆ మేలు కొరకే కృష్ణాలోయలోని కొన్ని గ్రామములు తమ నేలను వదలుకొన్నవి. 1981లో శ్రీశైల జలాశయము నిండునప్పుడు సుమారు నూరు గ్రామముల ప్రజలు తరలిరి. 2021 నాటికి మల్లన్నసాగర్ జలాశయము క్రింద మునుగు గ్రామములవారు గజ్వేలు సమీపమున కట్టిన కాలనీకి చేరిరి. గోదావరిపై పోలవరము ప్రాజెక్టు వలన తరలవలసిన కుటుంబములు సుమారు లక్ష యని ప్రభుత్వ లెక్కలు తెలుపుచున్నవి. వారిలో కొందరు ఇప్పటికే క్రొత్త కాలనీలలో నివసించుచున్నారు.

ఇంటికి, పొలమునకు, చెట్టునకు అధికారులు విలువ కట్టగలరు. కాని కొలతకు, తూనికకు అందనివి కొన్ని కలవు. తెల్లవారుజామున లేచి పశువులకు మేత వేయు అలవాటు, చెఱువుగట్టున స్నేహితుల కలయిక, పెద్దల సమాధులకు దీపము పెట్టుట, గోడ అవతలనుండి పొరుగింటామె పిలుపు, ఇవి ఏ లెక్కలోను చేరవు. శ్రీశైల జలాశయమున నీరు తగ్గు వేసవిలో సంగమేశ్వరాలయము నీటినుండి బయటపడును. ప్రతి యేట ఆ కొలది దినములలో జనులు దర్శనమునకై అచ్చటికి చేరుచుందురు. నేల మునిగినను దానితోడి అనుబంధము మునుగదనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కఱలేదు.

తరలివచ్చిన తొలినాళ్లలో నిద్ర పట్టకపోవుట, ఆకలి మందగించుట, చిన్న మాటకే కోపము వచ్చుట, ఏ పనియందును మనస్సు నిలువకపోవుట సాధారణము. మనస్సు దినమునకు పదిమార్లు పాత ఊరికి పోయివచ్చును. లేనిచో రేపటి భయము వెంట పరుగెత్తును. పరిహారముగా వచ్చిన ధనము చేత నుండి, చేయుటకు పని లేకపోయినప్పుడు కొందరు మద్యమునకు లోబడుదురు. ఇంకొందరు తొందరపాటున అనవసరపు వస్తువులను కొని, ఏడాది తిరుగకమునుపే ఉత్తచేతులతో మిగులుదురు. ఇచ్చట మనస్సు నిలకడ యనునది కేవలము శాంతికి సంబంధించిన విషయము కాదు. కుటుంబము నిలుచుటయో, చితికిపోవుటయో దానిపై నాధారపడి యున్నది.

ఎఱుక యనగా నేమి?

జరుగుచున్న దానిని జరుగుచున్నట్లుగా గమనించుటయే ఎఱుక. ఊపిరి లోనికి పోవుచున్నచో పోవుచున్నదని తెలియుట, దుఃఖము కలిగినచో కలిగినదని తెలియుట, అంతియే. దుఃఖమును అణచివేయుట గాని, బలవంతముగా సంతోషమును తెచ్చుకొనుట గాని ఇందు లేదు.

ఇది మనకు పరాయి విద్య కాదు. బౌద్ధ వాఙ్మయమునందలి సతిపట్ఠాన సుత్తము, ఆనాపానసతి సుత్తము ఈ సాధననే బోధించినవి. పాళీభాషలో సతి యనగా స్మృతి, ఎఱుక. క్రీస్తుశకము మూడవ, నాల్గవ శతాబ్దములలో ఇక్ష్వాకురాజుల కాలమున నాగార్జునకొండ లోయలో అనేక విహారములు వర్ధిల్లినవి. సింహళ భిక్షువులకు సైతము అచ్చట ఒక విహారముండెను. ఆ లోయయే తరువాత సాగరజలములలో మునిగినది. త్రవ్వకములలో లభించిన శిల్పములు నేడు ద్వీపముపైనున్న ప్రదర్శనశాలలో భద్రముగా నున్నవి.

బర్మాదేశమున ఈ సాధనను అభ్యసించిన శ్రీ సత్యనారాయణ గోయెంకా 1969 నుండి మన దేశమున విపశ్యన పేరిట బోధించిరి. అమెరికాలో జాన్ కబత్‌జిన్ అను ఆచార్యుడు 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలయందు, దీర్ఘకాలపు నొప్పులతో బాధపడు రోగులకై దీనిని ఎనిమిది వారముల శిక్షణగా రూపొందించెను. ఆ శిక్షణలో మతవిషయములు లేవు. కావున హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు, ఏ మతమును పాటింపనివారు సైతము దీనిని అభ్యసింపవచ్చును. ఇందుకు మంత్రము గాని, దీక్ష గాని, రుసుము గాని అవసరము లేదు.

సాధన క్రమము

1. దినమునకు పది నిమిషములు చాలును. ఉదయము పనులకు ముందు గాని, సంధ్యవేళ గాని ఒకే సమయమును పాటించుట మంచిది.

2. చాపపై గాని, మంచము అంచున గాని, కుర్చీలో గాని వెన్ను నిటారుగా నుంచి, బిగువు లేకుండ కూర్చుండవలెను. కన్నులు మూయవచ్చును. ఇష్టము లేనిచో నేలవైపు చూచుచుండవచ్చును.

3. ఊపిరిని బలవంతముగా సాగదీయరాదు, బిగపట్టరాదు. ముక్కుపుటముల యొద్దనో, పొట్టయొద్దనో దాని రాకపోకలను గమనించవలెను.

4. కొలది క్షణములలోనే మనస్సు ఎచ్చటికో పోవును. అది తప్పు కాదు. పోయినదని తెలిసిన క్షణముననే ఎఱుక కలిగినట్లు. చేలో పడిన ఆవును కొట్టక అదలించి దారికి మళ్లించినట్లు, మనస్సును మెల్లగా ఊపిరివైపు త్రిప్పవలెను. ఇట్లు నూరుమార్లు త్రిప్పవలసి వచ్చినను అదియే సాధన.

5. గుండె బరువు, గొంతున పట్టు, కడుపున మంట తోచినచో, అవి ఎచ్చట నున్నవో ఎట్లున్నవో కొంతసేపు గమనించి మరల ఊపిరికి రావలెను.

6. ముగించునప్పుడు కన్నులు తెరచి చుట్టునున్న వానిని చూచి, ఆ దినమున చేయవలసిన పని నొకదానిని నిశ్చయించుకొని లేవవలెను.

కూర్చుండుటకు తీరిక లేనివారు నడచుచు అడుగుల స్పర్శను గమనింపవచ్చును. అంట్లు తోముచు చేతికి తగులు నీటి చల్లదనమును గమనించుటయు సాధనయే.

తలపు వచ్చినప్పుడు

ఈ సాధన నిత్యజీవితమున ఎట్లు పనికివచ్చునో కొన్ని ఉదాహరణములను చూతము. క్రొత్త కాలనీలో కూర్చున్న ముదుసలికి పాత ఇంటి ముందరి చింతచెట్టు జ్ఞప్తికి వచ్చును. సాధన లేనిచో ఆ తలపు వెంట మఱియొక తలపు వచ్చి, ప్రొద్దంతయు చింతలోనే గడచును. సాధన గలవాడు "జ్ఞాపకము వచ్చినది" అని తనలో తాననుకొనును. కన్నీరు వచ్చినచో రానిచ్చును. కొంతసేపటికి మనుమని పిలుపు అతనికి వినబడును. చెట్టుపై ప్రేమ తగ్గలేదు, దినము మాత్రము చేజారలేదు.

పరిహారము చేతికందిన యువకుని యొద్దకు మోటారుసైకిలు వర్తకుడు కాగితముతో వచ్చును. సంతకము చేయుటకు ముందు పది ఊపిరులు గమనించినచో, తనను తొందరపెట్టుచున్నది అవసరమా, దిగులా అని అతనికి తెలియును. రేపు చెప్పెదనని పలుకుటకు ఆ కొలది వ్యవధి చాలును. పనుల ఒత్తిడిలో బిడ్డపై చేయి ఎత్తబోవు తల్లికి, భుజమున బిగువు తెలిసిన క్షణముననే చేయి దిగును. కోపమునకును, పనికిని నడుమ ఈ కొద్ది ఎడమును కల్పించుటయే ఈ విద్య చేయు మేలు.

పరిశోధనలు తెలుపునది

ఈ సాధన వలని ప్రయోజనమును వైద్యులు పరీక్షించి చూచిరి. మాటిమాటికి తిరుగబెట్టు మానసిక కుంగుబాటుపై 2000లో ప్రకటితమైన పరిశోధనలో 145 మంది పాల్గొనిరి. మూడు లేక అంతకు మించిన పర్యాయములు కుంగుబాటునకు లోనైనవారిలో, మామూలు చికిత్స మాత్రమే పొందినవారికి నూటికి 66 మందికి వ్యాధి తిరుగబెట్టగా, ధ్యానశిక్షణ కూడ పొందినవారిలో నూటికి 37 మందికే తిరుగబెట్టెను. 424 మందితో ఇంగ్లండులో జరిగి 2015లో ప్రకటితమైన మఱియొక పరిశోధనలో, శిక్షణ పొందినవారికిని, మందులు కొనసాగించినవారికిని రెండేండ్లలో ఫలితములు ఇంచుమించు సమానముగా నుండెను.

అయినను ఇది సర్వరోగనివారిణి కాదు. బ్రిటనులో వేలకొలది పాఠశాల విద్యార్థులకు ఈ శిక్షణ నిచ్చి పరీక్షించగా, మామూలు బోధనకన్న ఎక్కువ మేలు కనబడలేదని 2022లో తేలినది. ఇష్టము లేనివారిచే చేయించిన సాధన ఫలించునని ఆశింపరాదు.

జాగ్రత్తలు

కన్నులు మూసినంతనే భయము పెరుగువారు, ఘోరమైన సంఘటనలు మరల కన్నులయెదుట కదలువారు కూర్చుండు సాధనను మానవలెను. వారు కన్నులు తెరచి నడచుటయో, నలుగురితో కలిసి పనిచేయుటయో మేలు. మానసిక వ్యాధికి మందులు వాడుచున్నవారు వైద్యుని అడుగకుండ వానిని మానరాదు. పది దినములు మౌనముగా నుండవలసిన శిబిరములకు, తీవ్రమైన మానసిక వ్యాధి గలవారిని పంపరాదు.

లేని మాటలు వినబడుట, వారముల తరబడి నిద్రాహారములు లేకుండుట, బ్రదుకు వ్యర్థమను మాట నోట వచ్చుట, ఇవి ధ్యానముతో తీరునవి కావు. వెంటనే వైద్యుని చూపవలెను. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేసినచో, రేయింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే సలహా లభించును. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తిని తీవ్రమైన మానసిక ఒత్తిడికి లోనైనవానిగా భావించి, చికిత్స, సంరక్షణ కల్పింపవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 115వ సెక్షను తెలుపుచున్నది. అట్టివారిని నిందించుట, వెలివేయుట గ్రామమునకు తగదు.

పంచాయతీ చేయదగిన పని

మొదట చెప్పవలసిన మాట యొకటి కలదు. ధ్యానము హక్కులకు బదులు కాదు. రావలసిన పరిహారము రాలేదని వచ్చినవానికి "శాంతముగా కూర్చుండుము" అని చెప్పుట అన్యాయము. 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టము వర్తించు చోట, నిర్వాసిత కుటుంబమునకు ఒక సంవత్సరము పాటు నెలకు 3,000 రూపాయల జీవనభృతి ఈయవలెను. క్రొత్త ఊరిలో రోడ్లు, మురుగు కాలువలు, త్రాగునీరు, పశువులకు మేతభూమి, ఆయా వర్గముల ఆచారములకు తగిన శ్మశానము ఉండవలెనని ఆ చట్టపు మూడవ షెడ్యూలు చెప్పుచున్నది. వీనిలో ఏవి లోపించినవో గ్రామసభలో చదివి, తీర్మానించి, అధికారులకు వ్రాయుట సభ్యుల ప్రథమకర్తవ్యము.

అదే షెడ్యూలులో మఱియొక అంశము కలదు. ప్రతి ఏబది కుటుంబములకు ఆరాధనా స్థలముతోపాటు జనులు సమావేశమగుటకు చెట్టుక్రింది అరుగు ఉండవలెను. పాత ఊరి రచ్చబండను చట్టము ఈ విధముగా గుర్తించినది. ఆ అరుగు కట్టించి, దానిప్రక్క రావియో వేపయో నాటించుడు. సాయంకాలము పది నిమిషములు ఇష్టమున్నవారు అచ్చట మౌనముగా కూర్చుండి, తరువాత ఒకరి కష్టసుఖములు మఱియొకరు వినుట అలవాటు చేయవచ్చును. పొదుపు సంఘముల సమావేశములకు ముందు అయిదు నిమిషములు ఈ సాధనకు కేటాయింపవచ్చును. ఆశా కార్యకర్తలతోను, ఆయుష్మాన్ ఆరోగ్యమందిరపు సిబ్బందితోను మాటాడి, ఒంటరిగా నుండు వృద్ధులను, క్రొత్తగా వైధవ్యము పొందినవారిని పలుకరించు ఏర్పాటు చేయవచ్చును. ఎవరిని బలవంతపెట్టరాదు. హాజరుపట్టిక ఉంచరాదు.

సభ్యులు తాము కూడ ఈ సాధన చేయుట మంచిది. ఊరివారి కోపము మొదట తగులునది వారికే. ఎదుటివాని మాట పూర్తిగా వినుటకు నిలకడ గల మనస్సు కావలెను. క్రొత్త నేలలో నాటిన మొక్క వేరు పట్టువరకు వాడియుండును. నీరు పోయుటయు, నీడ కల్పించుటయు తోటమాలి పని. వేరూనుట మొక్క పని. తరలివచ్చిన ప్రజలకు న్యాయమగు సహాయమును అందించి, వారు తమంత తాము వేరూనుటకు తోడ్పడుటయే పంచాయతీ ధర్మము.

సభ్యులు చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమున గడచిన ఏడాదిలో పెద్ద మార్పునకు లోనైన కుటుంబములెవ్వి? వారిని పలుకరించినవారెవరు?

2. మన ఊరిలో కుల, మత, స్త్రీపురుష భేదము లేకుండ అందఱు కలసి కూర్చుండదగిన స్థలము ఎచ్చట కలదు?

3. ధ్యానము చాలదని, వైద్యసహాయము కావలెనని తెలుపు గుర్తులెవ్వి?

4. పునరావాసపు హక్కులలో ఇంకను అందనివి ఏవి? వానికై వచ్చు గ్రామసభలో ఏమి తీర్మానింపవలెను?