నాయన గది దాటి రావడం లేదు

సమస్య:

అమ్మా, మా పుట్టిల్లు ధర్మవరం. నాయన చిన్నప్పటి నుంచి గుంట మగ్గం మీద పట్టుచీరలు నేసిన మనిషి. ఇప్పుడు 74 ఏళ్లు. అమ్మ పోయినాక ఒంటిగా ఉంటూ బాత్‌రూంలో జారిపడినాడు. నేను హిందూపురంలో అత్తమామలతో రెండు గదుల బాడుగింట్లో ఉంటాను. అన్న బెంగళూరులో ఉద్యోగం. ఇద్దరం మాట్లాడుకొని ఉగాది తర్వాత నాయనను బెంగళూరు దారిలో ఒక వృద్ధుల నివాసంలో చేర్పించినాము. శుభ్రంగా ఉంది, నర్సు ఉంది. డబ్బు అన్నే కడతాడు. అయినా నాయన గది దాటి రాడు. అక్కడ ఎక్కువమంది రిటైరైన ఆఫీసర్లు. మాటంతా కన్నడం, ఇంగ్లీషు. సంగటి దొరకదు. తిన్న కంచం కూడా కడుక్కోనియ్యరంట. ఫోన్ చేస్తే "నన్నింటికి పిల్చుకొని పోమ్మా" అంటాడు. అన్నేమో "అలవాటవుతుందిలే, ధర్మవరం ఇల్లు అమ్మేద్దాం" అంటున్నాడు. ఏం చేయాలో తోచడం లేదు.

– ఒక కూతురు, హిందూపురం

సలహా:

అమ్మా, ముందు ఇల్లు అమ్మే మాట ఆపించండి. మిగతావన్నీ తర్వాత.

మీ నాయన మొండికేయడం లేదు. నేత ఇంట్లో వయసు మళ్లినవాళ్లు ఊరికే కూర్చోరు. మగ్గం దిగినా కండెలు చుడతారు, నేర్చుకునే పిల్లల చేయి సరిదిద్దుతారు. అలాంటి మనిషి చేతిలోంచి కంచం తీసుకుంటే మర్యాద చేశామని సిబ్బంది అనుకుంటారు. నీతో ఇక పని లేదు అన్నట్టు ఆయనకు వినిపిస్తుంది.

1976లో అమెరికాలో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక వృద్ధుల నివాసంలో చేసిన పరిశోధన ఉంది. ఒక అంతస్తువాళ్లకు తలా ఒక మొక్క ఇచ్చి, నీళ్లు మీరే పోసుకోండి, మీ గది ఎలా ఉండాలో మీరే చెప్పండి అన్నారు. ఇంకో అంతస్తులోనూ మొక్కలిచ్చారు గానీ నీళ్లు సిబ్బందే పోశారు. మొదటివాళ్లు ఎక్కువ హుషారుగా, నలుగురితో కలిసి ఉన్నారు.

కాబట్టి మేనేజరును కలిసి, నాయన కంచం నాయననే కడుక్కోనివ్వమనండి. వారానికి రెండు పూటలైనా సంగటి వండించమనండి. ఇంకో మాట. అక్కడి ఆడవాళ్లలో కొందరి పెట్టెల్లోనైనా ధర్మవరం పట్టుచీరలు ఉండే ఉంటాయి. ఒక సాయంత్రం వాటిని మీ నాయన ముందు పరిపించండి. నేత చూసి, జరీ చూసి ఆయన చెప్పగలిగినంత ఆ ఆఫీసర్లెవరూ చెప్పలేరు. అక్కడ ఆయన పెద్దరికం మొదలయ్యేది అలాంటి చోటే.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, బెంగళూరు ఒకే రైలు దారిలో ఉన్నాయి. నెలకోసారి ఆయనను రైలెక్కించి సొంతింట్లో రెండు రాత్రులు ఉంచండి. బాత్‌రూంలో పట్టుకోవడానికి కడ్డీలు ముందే బిగించండి. పాత జతగాళ్లతో అరుగు మీద కూర్చోవడానికైనా ఆ ఇల్లు ఉండాలి.

తిండి, నిద్ర బాగా తగ్గి ఉంటే డాక్టరుకు చూపించండి. కుంగుబాటు ముసలితనంలో మామూలే అని వదిలేసే జబ్బు కాదు, దానికి వైద్యం ఉంది. చెవులూ పరీక్ష చేయించండి. సరిగా వినపడనివాళ్లు నలుగురిలోకి రావడానికి జంకుతారు.

ఇల్లు నాయన పేర ఉంటే సంతకం ఆయన ఇష్టం. ఎప్పుడైనా పిల్లలకు రాసివ్వదలిస్తే, తన బాగోగులు చూడాలన్న షరతు దస్తావేజులోనే ఉండాలి. ఆ షరతు తప్పితే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టంలోని 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయగలదు. ధర్మవరంలోనూ పెనుకొండలోనూ ఆర్డీవో ఆఫీసులున్నాయి, ఈ ట్రిబ్యునల్ గురించి అక్కడ అడగండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేసినా దారి చెబుతారు. మీ అన్న చెడ్డవాడని నేననను. నెలనెలా కడుతున్నవాడికి తండ్రి మీద ప్రేమ ఉంది. ఆ డబ్బే ధర్మవరంలో వంటమనిషికీ, రాత్రి తోడుకీ ఖర్చు పెట్టవచ్చన్నది మీ అన్నకు తట్టి ఉండదు. దసరా దాకా చూడండి. అప్పటికీ నాయన ఇంటికే పోతానంటే అలా ఏర్పాటు చేయండి.

ఇవేవీ మీరిద్దరే ఫోన్లో తేల్చుకోకండి. వచ్చే ఆదివారం కలిసి వెళ్లి, "నీకేం కావాల నాయనా" అని అడగండి. చేర్పించే ముందు ఆయనను ఆ మాట అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు.