రాత్రి పడకే ప్లాను

ఫిల్మ్‌నగర్

చి. సింధుకి,


నువ్వు పంపిన లద్దాఖ్ బైకు యాత్ర ప్లాను నిదానంగా చదివాను. కాల్‌షీటు వెనక రాసి ఫొటో తీసి పంపావు చూడు, అసిస్టెంట్ డైరెక్టరు రాత అని ఇట్టే తెలిసిపోతోంది. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు, ఎన్నింటికి బయల్దేరాలి, టిఫిన్ ఎక్కడ, అన్నీ ఉన్నాయి. ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటావన్నది మాత్రం లేదు. కొండల్లో ప్లానంటే అదేనమ్మా. ముందు రాత్రి పడకలు ఖాయం చేసుకో, కిలోమీటర్లు వాటి వెనకాలే వస్తాయి.

మొదటి మార్పు చెబుతాను. నువ్వు మనాలి మీదుగా ఎక్కుతానన్నావు. మనాలి 6,700 అడుగులు. అక్కడ పొద్దున్నే లేచి, అటల్ సొరంగం దాటి, బారాలాచా కనుమ ఎక్కి దిగి, రాత్రికి సర్చూ గుడారాల్లో పడుకుంటానన్నావు. సర్చూ 14,000 అడుగులు. ఒక్క రోజులో ఏడు వేల అడుగులకి పైగా ఎక్కేసి అక్కడే నిద్రపోవడమన్నమాట. అర్ధరాత్రి తలనొప్పి, వాంతులు మొదలైతే వెంటనే కిందికి దిగడమే మందు. కానీ సర్చూ నుంచి కిందికి దారి లేదు. వెనక్కి రావాలంటే 16,000 అడుగుల బారాలాచా మళ్లీ ఎక్కాలి. ముందుకెళ్తే లాచులుంగ్ కనుమ ఇంకా ఎత్తు. రెండు గోడల మధ్య ఇరుక్కుపోతావు.

అందుకే శ్రీనగర్ వైపు నుంచి ఎక్కు. శ్రీనగర్ 5,200 అడుగులు, కార్గిల్ 8,800, లేహ్ 11,500. దారిలో జోజిలా, ఫోతూలా కనుమలు దాటినా పడక మాత్రం మెట్టుమెట్టుగా పెరుగుతుంది. పది వేల అడుగులు దాటాక ఒక రాత్రికీ మరో రాత్రికీ పడక 1,500 అడుగులకి మించి పెరగకూడదని డాక్టర్లు చెప్పే లెక్క. మన హైదరాబాద్ 1,800 అడుగుల దగ్గర ఉంది. ఇక్కడి గాలికి అలవాటుపడిన ఒంటికి కాస్త టైమివ్వాలి కదా.

మనాలి వైపు వద్దనడం లేదు. తిరుగు ప్రయాణంలో అటే రా. అప్పటికి వారం పైన ఎత్తులో ఉండి ఉంటావు, కాబట్టి అదే సర్చూలో హాయిగా నిద్రపడుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. భరత్‌పూర్, జింగ్‌జింగ్‌బార్ దగ్గర వాగులు రోడ్డు మీద నుంచే పారుతుంటాయి. ఎండెక్కేకొద్దీ పైన మంచు కరిగి, పొద్దున మడమలోతు ఉన్న నీళ్లు సాయంత్రానికి మోకాలి దాకా వస్తాయి. సర్చూలో పడుకుంటే వాటిని తెల్లవారగానే దాటేస్తావు. నీళ్లలోకి దిగే ముందు బండి ఆపి, ఎదుటి బండి ఏ వరసలో వెళ్తోందో చూడు. ఫస్ట్ గేరు, ఒకే యాక్సిలరేటరు, మధ్యలో క్లచ్ పట్టకు.

కుర్రవాళ్లకి ఏమీ కాదని నీతో వచ్చే ఇద్దరు ఫ్రెండ్స్ అంటున్నారట. నేను ప్రొడక్షన్ మేనేజరుగా ఉన్న రోజుల్లో ఒక పాట కోసం యూనిట్‌ని రోహ్‌తంగ్ తీసుకెళ్లాం. అది పదమూడు వేల అడుగులే. యూనిట్లో అందరికంటే గట్టి పిల్లాడు, కృష్ణానగర్ నుంచి వచ్చిన లైట్‌మన్ ఒకడుండేవాడు. ఎండ పోతోందని కెమెరామన్ కేక వేస్తే, రిఫ్లెక్టరు భుజాన పెట్టుకుని ఏటవాలు మీదికి పరుగు తీశాడు. పైకెళ్లాక రిఫ్లెక్టరు మంచులో గుచ్చి దాన్నే పట్టుకుని కూర్చుండిపోయాడు. పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగాయి. పేరడిగితే చెప్పడానికి తడుముకున్నాడు. జీపులో మనాలికి దించుతుంటే సగం దారిలోనే మామూలు మనిషై టీ అడిగాడు. అరవై ఏళ్ల మేకప్‌మన్ గారు మాత్రం నెమ్మదిగా నడిచి, నెమ్మదిగా పని చేసుకుని, సాయంత్రం దాకా నిక్షేపంగా ఉన్నారు. పైన వయసు కాదు, తొందర పడగొడుతుంది. బలమున్నవాడే ముందు తొందరపడతాడు.

లేహ్ చేరాక రెండు రోజులు బండి ముట్టుకోకు. నీళ్లు బాగా తాగు, మందు జోలికి అసలు పోకండి. డయామాక్స్ మాత్రల గురించి ఇక్కడే డాక్టరుని అడుగు. సల్ఫా మందులు పడవేమో కూడా చెప్పు. ఆ తర్వాతే ఖర్దుంగ్‌లా కనుమ. పైన పాత బోర్డు మీద 18,380 అడుగులని ఉండేది, కొలతల ప్రకారం 17,600 లోపే. ఏదైతేనేం, గాలి మనకిక్కడ దొరికేదాంట్లో సగం దాకా పలచబడుతుంది. ఫొటో దిగి, పావుగంటలో అవతలికి దిగిపో. అటుపక్క నుబ్రా లోయలో హుందర్ లేహ్ కంటే దిగువనే కాబట్టి అక్కడి పడక మంచిదే. ఎవరికైనా తలనొప్పి తగ్గకపోయినా, అడుగులు తడబడినా, కూర్చున్నచోట కూడా ఆయాసం వచ్చినా అక్కడితో ప్యాకప్. ముగ్గురూ కలిసి దిగాలి. ఒకరిని గదిలో వదిలి ఇద్దరు ఏదో సరస్సు చూడ్డానికి వెళ్లడం ఉండకూడదు. ఈ మాట బయల్దేరే ముందే ముగ్గురూ అనుకోండి.

ఇక రోజుల లెక్క. పద్నాలుగు రోజులన్నావు, అందులో పోనూ రానూ ఆరు రోజులు 44వ నెంబరు హైవేకే పోతున్నాయి. నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా మీదుగా జూన్ ఎండలో వెళ్లి, ఒళ్లు హూనం చేసుకుని కొండెక్కుతావా? బండిని రైల్లో ఢిల్లీకి పార్సిల్ చెయ్యి. అది ఏ రైలుకి ఎక్కుతుందో మన చేతుల్లో ఉండదు, అందుకని నాలుగు రోజుల ముందే బుక్ చెయ్యి. అలా మిగిలిన రోజుల్ని ఖాళీగానే ఉంచు, కొత్త ఊళ్లు చేర్చకు. కొండచరియ పడితే రోడ్డు రెండు రోజులు మూస్తారు. ఔట్‌డోర్ షెడ్యూల్లో వానకని రోజులు వదలని మేనేజరుని నువ్వే తిడతావు కదా! ఇంకో నాలుగు రోజుల సెలవు మీ డైరెక్టరుని ఇప్పుడే అడుగు. షూటింగ్‌కి అందుకోవాలన్న ఆదుర్దాతో కొండ దిగడం నాకు అస్సలు ఇష్టం లేదు.

తిరుగుదారిలో మనాలి దాటాక బియాస్ పక్కనే వస్తావు. 2014 జూన్ 8న మన హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు 24 మంది ఆ నదిలోనే కొట్టుకుపోయారు. బండల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే పైనున్న డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. మీ అమ్మ బియాస్ పేరు వింటేనే ఎందుకు వణుకుతుందో అర్థం చేసుకో. ఎంత ఎండిపోయి కనిపించినా నదిలోకి దిగకండి.

మన ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ చేయించుకో. అదున్నా సర్చూ దారిలో సిగ్నల్‌ని నమ్ముకోలేం. ఏ రెండు రోజులు నీ ఫోన్ రాకపోవచ్చో అమ్మకి ముందే క్యాలెండరు మీద గుర్తుపెట్టి చూపించు. లేహ్ దాటాక కారూ అనే ఊళ్లో ట్యాంకు నింపి, ఐదు లీటర్ల క్యాను కూడా కట్టుకో. అక్కడి నుంచి టాండీ బంకు దాకా మూడువందల పైచిలుకు కిలోమీటర్లు, మధ్యలో బంకుని నమ్ముకోవద్దు.

హెల్మెట్ సంగతి నీకు చెప్పక్కర్లేదు. 2021 సెప్టెంబరులో మన కేబుల్ బ్రిడ్జి దగ్గర హీరో సాయిధరమ్ తేజ్ బండి జారి పడ్డప్పుడు హెల్మెటే కాపాడిందని ఆయనే ఎన్నోసార్లు చెప్పారు. సిటీ రోడ్డు మీదే అంత జరిగింది. కొండల్లో మలుపు మలుపుకీ కంకర ఉంటుంది. అందుకని మే నెలలో రెండు ఆదివారాలు శ్రీశైలం ఘాట్‌కి, వీలైతే మారేడుమిల్లికి, మొత్తం సామాను కట్టుకుని వెళ్లిరండి. మన్ననూరు అడవి దారి రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, చూసుకో. బ్రేకు మీద ఆధారపడకుండా చిన్న గేరులో దిగడం అలవాటు కావాలి. రోజూ మన ఫిల్మ్‌నగర్ దైవసన్నిధానం గుట్ట దిగేటప్పుడు కూడా అలాగే దిగు.

వెళ్లేటప్పుడు ద్రాస్‌లో కార్గిల్ యుద్ధ స్మారకం దగ్గర గంటసేపైనా ఆగు. మన హైదరాబాద్ అబ్బాయి, మేజర్ పద్మపాణి ఆచార్య, 1999 జూన్ 28న ఆ కొండల మీదే పోరాడుతూ ప్రాణమిచ్చాడు. మహావీర చక్ర ఇచ్చారు. అతని పేరు వెతికి, నా తరఫున కూడా ఒక దణ్ణం పెట్టు.

రాత్రి పడకలతో కొత్త ప్లాను రాసి పంపు. పార్సిల్ రోజు ఖాయమయ్యాక ఫోన్ చెయ్యి, నాంపల్లి స్టేషన్‌కి నేనూ వస్తాను. ట్యాంకులో చుక్క పెట్రోలు ఉంచకూడదు, ఆర్‌సీ జిరాక్సు, ఆధార్ జిరాక్సు పట్టుకురా. అద్దాలు ఊడదీసి బ్యాగులో పెట్టుకో. గోనెపట్టా కట్టించే పని నేను చూసుకుంటాను.

మీ
పెదనాన్న