ఎగరనని చెప్పగలగాలి

చిరంజీవి అమ్మాయికి చినతాత ఆశీస్సులు.

దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో నీ క్లాసులు సాగుతున్నాయని, త్వరలోనే విమానం ఎక్కిస్తారని మీ అమ్మ చెప్పింది. నీకు నాలుగు మాటలు రాయమన్నది కూడా తనే. నేను పైలట్‌ని కాదని నీకు తెలుసు. ఎయిర్‌ఫోర్సులో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేరి, కిరణ్ విమానాల దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎలా ఎగరాలో మీ ఇన్‌స్ట్రక్టర్లు నేర్పుతారు. విమానం లేవకముందు నేల మీద ఏం జరగాలో, అది తిరిగొచ్చేదాకా టార్మాక్ మీద నిలబడి ఎదురుచూసేవాళ్లు పైలట్ దగ్గర ఏం కోరుకుంటారో, అది నేను చెప్పగలను.

2023 డిసెంబరు 4న మీ అకాడమీ నుంచి శిక్షణకు బయల్దేరిన పిలాటస్ విమానం మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర కూలిపోయింది. నేర్పే ఆయనా, నేర్చుకునే కుర్రాడూ ఇద్దరూ పోయారు. మీ అమ్మ భయం ఆ రోజు మొదలైంది. ఆ భయం పోగొట్టే మాట నా దగ్గర లేదు, నీ దగ్గరా ఉండదు. ఏమీ జరగదని ఆమెకు మాటివ్వకు. ఒంట్లో బాగాలేని రోజు, నిద్ర చాలని రోజు, మనసు నిలవని రోజు “ఇవాళ నేను ఎగరను సార్” అని చెబుతానని మాటివ్వు. అది నువ్వు నిలబెట్టుకోగలిగిన మాట.

రూల్స్ అన్నీ ఎవరో గదిలో కూర్చుని రాసినవని అనుకునే కుర్రాళ్లను చాలామందిని చూశాను. 1954 సంగతి విను. కొరియా యుద్ధం అప్పటికే ఆగింది. ఆ ఒక్క ఏడాదిలో అమెరికా నౌకాదళం, మెరైన్లు కలిసి 776 విమానాలు పోగొట్టుకున్నారు. రోజుకు రెండు చొప్పున అన్నమాట. అప్పట్లో ఒక్కో స్క్వాడ్రన్‌కు ఒక్కో తీరు ఉండేది. పాతవాళ్లు కొత్తవాళ్లకు నోటిమాటగా చెప్పేవారు. బదిలీ అయి వెళ్లినవాడికి అదే విమానం, కొత్త పద్ధతి. 1961లో నాటాప్స్ అనే ఏర్పాటు తెచ్చి అందరికీ ఒకే పద్ధతి పెట్టారు. ఒక్కో రకం విమానానికి ఒక పుస్తకం, దాని మీద ఏటా పరీక్ష. విమానవాహక నౌకల డెక్కులు మార్చడం, శిక్షణ స్క్వాడ్రన్లు పెట్టడం లాంటి పనులూ దీనికి తోడై ప్రమాదాలు బాగా తగ్గాయి. ఆ ఏర్పాటులో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒకటుంది. పుస్తకంలో లోపం కనిపిస్తే ఎంత చిన్న ర్యాంకువాడైనా మార్చమని రాసి పంపవచ్చు. నీకూ ఏదో ఒక రోజు ఏదో ఒక రూలు అర్థం లేనిదిగా కనిపిస్తుంది. దాని మీద కాగితం రాయి, ఇన్‌స్ట్రక్టర్‌తో వాదించు. కాగితం మారేదాకా మాత్రం ఉన్న రూలు ప్రకారమే ఎగురు.

ఇక నేను నిజంగా చెప్పాలనుకున్నది. రూలు తెలియనివాడి వల్ల వచ్చే ముప్పు తక్కువ, వాణ్ణి ఎవరో ఒకరు కనిపెట్టి దిద్దుతారు. అందరికన్నా బాగా తెలిసినవాడు, తెలుసు కాబట్టి తనకు వర్తించదనుకుంటాడే, అతన్ని దిద్దడానికి ఎవరికీ నోరు రాదు.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఫెయిర్‌చైల్డ్ అనే ఎయిర్‌ఫోర్స్ స్థావరం ఉంది. అక్కడ ఆర్థర్ హాలండ్ అనే లెఫ్టినెంట్ కల్నల్ ఉండేవాడు. బి-52 బాంబర్ నడపడంలో అతనికి సాటి లేరని పేరు. పైగా ఆ వింగ్‌లో మిగతా పైలట్లు పద్ధతి ప్రకారం ఎగురుతున్నారో లేదో పరీక్షించే విభాగానికి అతనే అధిపతి. 1991 ఎయిర్‌షోలో అంత పెద్ద బాంబర్‌ను పరిమితికి మించి వంచాడు, పరిమితికి మించి కిందికి దించాడు. పై అధికారులు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. తర్వాతి ఏళ్లలోనూ అదే వరస. 1994 మార్చిలో యాకిమా బాంబింగ్ రేంజిలో ఒక గుట్ట మీదుగా ఎంత కిందుగా వెళ్లాడంటే, అక్కడ వీడియో తీస్తున్న మనిషి తీయడం ఆపి నేలకు వంగిపోయాడు.

మార్క్ మెగీహన్ అని అక్కడ ఒక స్క్వాడ్రన్ కమాండర్. హాలండ్‌ను విమానం ఎక్కనివ్వొద్దని పై అధికారిని అడిగాడు. ఆ అధికారి హాలండ్‌ను నోటితో మందలించి వదిలేశాడు, ఫైల్లో ఒక్క అక్షరం పెట్టలేదు. అప్పుడు మెగీహన్ ఒక నిర్ణయం తీసుకున్నాడు. తన కుర్రాళ్లెవరూ హాలండ్‌తో వెళ్లనక్కర్లేదు, కో-పైలట్ సీట్లో తనే కూర్చుంటాడు. 1994 జూన్ 24న ఎయిర్‌షో రిహార్సల్‌కు అలాగే కూర్చున్నాడు. కంట్రోల్ టవర్ చుట్టూ, నేలకు రెండున్నర వందల అడుగుల ఎత్తులో, హాలండ్ మరీ ఇరుకైన మలుపు తిప్పాడు. రెక్క నిలువుగా లేచిపోయింది. అంత వంపులో విమానాన్ని మోసే గాలి బలం చాలదు. అది కూలి అందులో ఉన్న నలుగురూ చనిపోయారు. వాళ్లలో ఒకాయనకు అది సర్వీసులో చివరి ఫ్లైటు, దిగాక అభినందించడానికి భార్య, స్నేహితులు వచ్చి నిలబడి ఉన్నారు. మెగీహన్ భార్యాపిల్లలు ఇంటి దగ్గర నుంచి చూస్తూనే ఉన్నారు. ఆ పై అధికారి తర్వాత కోర్టు మార్షల్‌లో తన నిర్లక్ష్యాన్ని ఒప్పుకున్నాడు.

మెగీహన్ అంటే నాకు ఎంతో గౌరవం. అయినా అతని కథను కేవలం వీరగాథగా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. ఒక్క కాగితం మీద ఒక్క సంతకం చేయాల్సిన చోట ఒక మంచి ఆఫీసరు తన ప్రాణాన్ని అడ్డం పెట్టాల్సి వచ్చింది. అంతకుముందు మూడేళ్లలో ఎంతమంది చూశారో, ఎంతమంది తమలో తాము గొణుక్కున్నారో ఆలోచించు. రేపు నీ కోర్సులోనే ఒకరుంటారు. చేతి నేర్పు బాగా ఉన్నవాడు, అందరికీ ఇష్టమైనవాడు. సోలోకు వెళ్లి, చెప్పిన ఎత్తు కన్నా కిందికి దిగి, వచ్చి నవ్వుతూ చెబుతాడు. ఆ రోజు నువ్వు నవ్వకు. ముందు అతనికే చెప్పు. మానకపోతే ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పు. చాడీలు చెప్పిందంటారు, నిజమే. అననీ.

నీ మాట ఇతరులు వినాలన్నట్టే, నువ్వూ ఇతరుల మాట వినాలి. కమిషన్ వచ్చాక నీ కన్నా రెండింతల వయసున్న సార్జెంట్ నీకు సెల్యూట్ చేస్తాడు. అతను వచ్చి “మేడమ్, ఈ టైరు మార్చాలి, అరగంట పడుతుంది” అంటే, నీ గడియారం వంక చూడకు. నువ్వు గడియారం చూసిన సంగతి అతను చూస్తాడు. ఇంకోసారి చెప్పడానికి తటపటాయిస్తాడు. మా ఫ్లైట్ లైన్‌లో ప్రతి పనిముట్టుకూ బోర్డు మీద దాని ఆకారంలో గీసిన చోటు ఉండేది. సాయంత్రం ఒక స్పానర్ చోటు ఖాళీగా కనిపిస్తే, అది దొరికేదాకా ఆ విమానం కదలదు. కంట్రోల్ తీగల మధ్య ఎక్కడైనా ఇరుక్కుంటే స్టిక్ కదలదు కాబట్టి. ఫారం 700లో మా సంతకాలన్నీ అయ్యాక చివరిది పైలట్‌ది. దాన్ని కొందరు నిలబడే గీసేస్తారు. నువ్వు చదివి సంతకం పెట్టు. నిన్నటి ఫ్లైటులో ఏ లోపం రాశారు, దాన్ని ఎవరు సరిచేశారు, ఏది వాయిదా వేశారు, అన్నీ అందులోనే ఉంటాయి. విమానం చుట్టూ తిరిగి చూసేటప్పుడు చేత్తో తాకి చూడు. ఎర్ర జెండాలు వేలాడే పిన్నులు లెక్కపెట్టు. రోజూ చూసేదే కదా అనిపించే రోజున ఇంకాస్త నెమ్మదిగా చూడు.

కాక్‌పిట్‌లో కళ్లకు గంతలు కట్టి, ఏ స్విచ్ ఎక్కడుందో తడిమి చెప్పమంటారు. ఎమర్జెన్సీ చర్యలు నిద్రలో లేపి అడిగినా చెప్పేలా కంఠతా పట్టిస్తారు. అన్నీ కంఠస్థం చేయిస్తే ఇక నా బుర్రతో పనేముందని నీకు అనిపించవచ్చు. గ్రూప్ కెప్టెన్ వరుణ్ సింగ్ సంగతి చదువు. 2020 అక్టోబరు 12న ఆయన నడుపుతున్న తేజస్ యుద్ధవిమానంలో, చాలా ఎత్తులో, మొదట కాక్‌పిట్‌లో గాలి ఒత్తిడి పడిపోయింది. అదేమిటో సరిగ్గా గుర్తుపట్టి కిందికి దింపడం మొదలుపెట్టాడు. అది పుస్తకంలో ఉన్న పనే. దిగుతుండగా ఫ్లైట్ కంట్రోల్ వ్యవస్థే దెబ్బతిని విమానం మాట వినడం మానేసింది. అంతకుముందు ఎవరికీ ఎదురుకానిది, ఏ పుస్తకంలోనూ లేనిది. దూకేయడానికి అన్ని కారణాలూ ఉన్నా విమానాన్ని అదుపులోకి తెచ్చి దించాడు. ఆ సాహసానికి 2021లో శౌర్యచక్ర ఇచ్చారు. తెలిసిన చర్యలు చేతులు తమంతట తామే చేసుకుపోతే, తెలియని ఆపదకు బుద్ధి మొత్తం మిగులుతుంది. కంఠతా పట్టించేది అందుకే.

ఆ వరుణ్ సింగ్‌ను మనం అదే ఏడాది పోగొట్టుకున్నాం. 2021 డిసెంబరు 8న సూలూరు నుంచి వెల్లింగ్టన్ వెళుతున్న ఎంఐ-17 హెలికాప్టర్‌లో అప్పటి త్రిదళాధిపతి జనరల్ బిపిన్ రావత్‌తో, వరుణ్ సింగ్‌తో కలిపి 14 మంది ఉన్నారు. మన చిత్తూరు జిల్లా జవాను కూడా ఒకడు. హెలికాప్టర్ కూనూరు దగ్గర కొండను తాకింది. లోయలో వాతావరణం ఉన్నట్టుండి మారడంతో మేఘంలోకి వెళ్లారని, పైలట్‌కు దిక్కు తెలియకుండా పోయిందని విచారణలో తేల్చారు. యంత్ర లోపం, విద్రోహం, నిర్లక్ష్యం ఏదీ కాదని కూడా చెప్పారు. ఈ చివరి మాట మరిచిపోకు. అనుభవం ఉన్నవాళ్లకే అలా జరిగింది. బిందెడు నీళ్లను గిర్రున తిప్పి ఆపితే, బిందె ఆగాక కూడా లోపలి నీళ్లు తిరుగుతూనే ఉంటాయి. చెవి లోపల ఉన్న ద్రవమూ అంతే. మేఘంలో కళ్లకు ఏమీ కనిపించనప్పుడు అది అబద్ధం చెబుతుంది, అదే నిజమని ఒళ్లంతా నమ్ముతుంది. బెంగళూరులోని ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థకు తీసుకెళ్లినప్పుడు సిమ్యులేటర్‌లో ఇది నీకు చూపిస్తారు. ఆ అనుభవాన్ని సరదా రైడుగా తీసుకోకు. నీ ఒళ్లు ఎంత నమ్మకంగా తప్పు చెప్పిందో గుర్తుపెట్టుకో, మీటర్ల మాటే విను. మేఘం ముంచుకొస్తుంటే వెనక్కి తిరగడానికి సిగ్గుపడకు.

ఒంటి సంగతి ఆడపిల్లవని చెప్పడం లేదు, అందరికీ చెప్పేదే. జలుబు చేస్తే మెడికల్ షాపు మాత్ర వేసుకుని ఎగరొద్దు, వాటిలో చాలావాటికి మత్తు ఉంటుంది. ముక్కు, చెవులు మూసుకుపోయి ఉంటే కిందికి దిగేటప్పుడు నొప్పి ప్రాణాలు తోడేస్తుంది. డాక్టరుకు చెప్పు, నాలుగు రోజులు ఫ్లయింగ్ ఆపుతాడు, ఆపనీ. ఏకాదశి, శివరాత్రి ఉపవాసాలు ఇక నీకు లేవు, మీ నాయనమ్మ నీ పేరున కూడా ఉంటానంది. ఖాళీ కడుపుతో, నీళ్లు తక్కువ తాగి మలుపుల్లో నాలుగైదు జీల బరువు, అంటే ఒంటి బరువుకు నాలుగైదు రెట్లు, మోస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి. ఇక నిద్ర. 17 గంటలు మేలుకున్న మనిషి బుర్ర మందు తాగినవాడి బుర్రలా మందగిస్తుందని శాస్త్రవేత్తలు పరీక్ష చేసి చూపించారు. మందు తాగి ఎగరడానికి నీకు మనసొప్పదు కదా, నిద్ర మానేసి ఎగరడానికీ ఒప్పకూడదు.

ఇంట్లో అందరికీ ఒక మాట చెప్పాను. చెడ్డ కబురేదైనా ఉంటే ఉదయం పూట నీకు ఫోన్ చేయరు. నీ నుంచి దాచం కానీ, విమానం దిగాకే చెబుతాం. అత్యవసరమైతే ముందు మీ ఇన్‌స్ట్రక్టర్‌కు తెలియజేస్తాం. నీ నంబరుతో పాటు ఆయన నంబరు కూడా పంపించు.

మాఘంలో మీ అన్నయ్య పెళ్లి. ముహూర్తం తెల్లవారుజామున మూడింటికి పెట్టారు. సెలవు దొరికితే ముందు రోజు మధ్యాహ్నానికి వచ్చి, పెళ్లికొడుకును చేసేటప్పుడు అక్షింతలు వేసి, చీకటి పడకముందే అకాడమీకి బయల్దేరు. మర్నాడు ఫ్లయింగ్ ఉంటే తలంబ్రాలదాకా ఉండాలని ఆశపడకు. మీ పెద్దమ్మ నొచ్చుకుంటుంది. ఆమెకు సర్దిచెప్పే పని నాది.

ఆశీస్సులతో,
చినతాత