రక్తమునకు పుట్టినిల్లు

ఎముకలలోని మూలుగ రక్తమునకు పుట్టినిల్లు. అందలి మూలకణముల నుండియే రక్తకణములన్నియు జనించును. ఆ పుట్టినిల్లే చెడినచో రక్తమెట్లు బాగుపడును?

అమెరికా వైద్యుడు డొనాల్ థామస్ దీనికి ఉపాయము వెదకెను. రోగి మూలుగను కిరణములచే నశింపజేసి, ఆరోగ్యవంతుని మూలుగను సిరలోనికి ఎక్కించుట ఆయన పద్ధతి. ఆ కణములు రక్తముతో పయనించి, తమంతట తామే ఎముకలను చేరి క్రొత్త రక్తమును పుట్టించును.

1957లో ఆయన ఆరుగురు రోగుల వృత్తాంతమును ప్రకటించెను. వారిలో ఒక్కరును చిరకాలము జీవింపలేదు. పరుల కణములను రోగి దేహము త్రోసివేయుచుండెను. లేదా ఆ కణములే దేహమును శత్రువుగా నెంచి పీడించుచుండెను. అనేకులు ఆశ విడిచిరి. థామస్ విడువలేదు. సహచరులతో కూడి కుక్కలపై ఏండ్ల తరబడి పరిశోధించి, దాతకును రోగికిని కణలక్షణములు కలిసినచో ఫలము మెండని గ్రహించెను. 1969లో సియాటిల్ నగరమున, రోగుల తోబుట్టువుల మూలుగతో చికిత్సను మరల ప్రారంభించెను. 1990లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

సరిపడు దాత లేని రోగుల గతి యేమి? తలసీమియా, కొడవలికణ వ్యాధులు గలవారి మూలకణములనే వెలికిదీసి, జన్యువును సవరించి, మరల ఎక్కించు చికిత్సకు 2023లో బ్రిటను దేశము అనుమతి నొసగెను. థామస్ దాచక వెల్లడించిన అపజయమే ఈ విజయములకు మొదటి మెట్టయ్యెను.